చేతులూపుకుంటూ క్యోటోకి

"చేతులూపుకుంటూ వచ్చేశావా?" అనే మాట మా ఇంట్లో తిట్టు కింద లెక్క. చుట్టాలింటికి వెళ్తే అరడజను అరటిపళ్ళో, పిల్లలకి ఒక బిస్కెట్ ప్యాకెట్టో చేతిలో ఉండాలి. దూరప్రయాణమైతే ఇక చెప్పక్కర్లేదు. రెండు పెట్టెలు, ఒక సంచి, పైన ఒక స్టీలు డబ్బా, అందులో కందిపొడి. చేతులు ఖాళీగా ఉన్నాయంటే ఏదో మర్చిపోయి బయల్దేరామనే అర్థం.

జపాన్ వాళ్ళకీ సరిగ్గా ఇదే మాట ఉంది. తెబురా. 'తె' అంటే చెయ్యి, 'బురా' అంటే వేలాడుతూ ఊగడం. వాళ్ళు కూడా ఎవరింటికైనా తెబురాగా వెళ్ళడానికి మొహమాటపడతారు, ఏదో ఒక స్వీటు డబ్బా పట్టుకునే వెళ్తారు. కానీ అదే మాటకి 'కాంకో' చేర్చి 'తెబురా కాంకో' అన్నారంటే మాత్రం అది మంచి మాటైపోతుంది. సామాను వేరే దారిలో పంపించేసి, చేతులూపుకుంటూ ఊరు చూడటమన్నమాట. ఈ సదుపాయం దొరికే చోట్లు బయటి దేశాలవాళ్ళకి తెలియాలని అక్కడి ప్రభుత్వమే ఒక గుర్తు కూడా పెట్టించింది.

నేను క్యోటోకి రెండుసార్లు వెళ్ళాను. 2017లో పెట్టెలతో, 2024లో చేతులూపుకుంటూ. ఈ రెండు ప్రయాణాల మధ్య తేడా నా నడుం నొప్పి ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. క్యోటో లాంటి పాత ఊరికి వెళ్ళేవాళ్ళు సామాను ముందే పంపించెయ్యాలి, అది ఆ ఊళ్ళో బతుకుతున్నవాళ్ళకి మనం చూపించాల్సిన కనీస మర్యాద అని నేను నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను.

మొదటిసారి నేనూ మా ఆయనా వెళ్ళాం. ఏప్రిల్ మొదటి వారం, చెర్రీ పూల రోజులు. పొద్దున పదిన్నరకి క్యోటో స్టేషన్లో దిగాం. ఉండటానికి తీసుకున్నది ఒక పాత చెక్క ఇల్లు. అక్కడ మనుషులెవరూ ఉండరు, సాయంత్రం నాలుగింటికి తలుపు కోడ్ ఫోన్‌కి వస్తుంది. అప్పటిదాకా పెట్టెలు లాకర్లో పెడదామనుకున్నాం. స్టేషన్లో లాకర్లు చాలానే ఉంటాయి గానీ పెద్ద పెట్టె పట్టేవి తక్కువ. ఒక్కో వరసా చూసుకుంటూ ముప్పావు గంట తిరిగాం. ఒక్కటీ ఖాళీ లేదు. సరే, ఏదైతే అదైందని కియోమిజు గుడి వైపు వెళ్ళే 206 నంబరు సిటీ బస్సు ఎక్కేశాం.

క్యోటో సిటీ బస్సులో వెనక తలుపు నుంచి ఎక్కాలి. దిగేటప్పుడు ముందుకి నడిచి, డ్రైవరు పక్కనున్న డబ్బాలో డబ్బులు వేసి, ముందు తలుపు నుంచి దిగాలి. అంటే ఎక్కిన ప్రతి మనిషీ సీట్ల మధ్య నుంచి ముందుకి నడిచి తీరాలి. ఆ నడిచే దారిలో మా పెట్టెలు రెండూ ఉన్నాయి. ఒక్కోటి ఇరవై మూడు కిలోలు. మలుపు వచ్చినప్పుడల్లా అవి ఎక్కడ దొర్లిపోతాయోనని నేను ఒకదాన్ని మోకాళ్ళతో అదిమి పట్టుకున్నాను.

నాలుగైదు స్టాపుల తర్వాత ఒక పెద్దావిడ లేచింది. డెబ్భై అయిదు పైనే ఉంటాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో గుడ్డసంచి, అందులో మందుల కవరు. నా పెట్టె దాకా వచ్చి ఆగిపోయింది. నేను పక్కకి లాగబోతే చక్రం సీటు కాలికి తట్టుకుంది. మా ఆయన తన పెట్టెని పైకెత్తబోతే వెనక నిలబడ్డ కుర్రాడికి తగిలింది. డ్రైవరు ఓపిగ్గా తలుపు తెరిచి ఉంచాడు. బస్సంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, పెట్టెకీ సీటుకీ మధ్యనున్న జానెడు సందులోంచి దూరింది. కర్ర జారి పడితే ఎవరో అందించారు. ముందుకెళ్ళి డబ్బులు వేసి, దిగే ముందు వెనక్కి తిరిగి బస్సులో వాళ్ళందరికీ తల వంచి "సుమిమాసెన్" అంది. ఆలస్యం చేసినందుకు క్షమించమని. చేసింది మేం. క్షమాపణ చెప్పింది ఆవిడ.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కోప్పడి ఉంటే అక్కడికక్కడే మర్చిపోయేదాన్నేమో.

ఆ బస్సు మీద ఎంత భారం పడుతోందో తర్వాత చదివితే అర్థమైంది. జపాన్‌లో మొట్టమొదట ఎలక్ట్రిక్ ట్రాములు నడిచిన ఊరు క్యోటో, 1895లో. ఆ ట్రాములన్నిటినీ 1978 నాటికి ఎత్తేశారు. తర్వాత భూగర్భ రైలు వచ్చింది గానీ రెండే లైన్లు. ఒకటి ఉత్తర దక్షిణాలుగా, ఇంకోటి తూర్పు పడమరలుగా. పేరున్న గుళ్ళలో చాలావరకు ఆ రెండు లైన్లకీ దూరంగా, ఊరి అంచుల్లో కొండల పక్కన ఉన్నాయి. అందుకని కింకకుజీ చూడాలన్నా, గింకకుజీ చూడాలన్నా టూరిస్టులకి బస్సే దిక్కు. అవే బస్సుల్లో ఊరివాళ్ళు ఆస్పత్రికి వెళ్ళాలి, పిల్లలు బడికి వెళ్ళాలి. ఎంత వాడుకున్నా ఒకే ధర ఉండే ఒకరోజు బస్ పాసుని 2023లో అమ్మడం ఆపేశారు. 2024 జూన్ నుంచి పేరున్న చోట్లకి టూరిస్టుల కోసం విడిగా ఎక్స్‌ప్రెస్ బస్సులు వేశారు. మామూలు బస్సు టికెట్ 230 యెన్లయితే ఇందులో 500. ఊరివాళ్ళకి తమ బస్సులో చోటు మిగల్చడానికి చేసిన పనులివి. నాకైతే న్యాయంగానే అనిపించింది.

ఊరి సంగతి కూడా అంతే. 794 నుంచి వెయ్యేళ్ళకి పైగా రాజధాని. రెండో ప్రపంచ యుద్ధంలో మిగతా పెద్ద ఊళ్ళు తగలబడిపోతే, ఇది భారీ బాంబు దాడుల నుంచి తప్పించుకుంది. అందుకే పాత సందులు పాత కొలతలతోనే మిగిలాయి. మచియా అనే ఆ చెక్క ఇళ్ళు ముందు నుంచి చూస్తే ఇరుకు, లోపలికి వెళ్ళే కొద్దీ పొడవు. 'పాము చేప పడక' అని వాళ్ళే అంటారు. వీధికీ ఇంటికీ మధ్య ఉండేది సన్నటి చెక్క జాలీ, అంతే. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి మేం మా అద్దె ఇంటికి వెళ్తుంటే సందులో రాళ్ళ మీద నాలుగు జతల చక్రాలు ఎంత మోత మోగాయో. ఒక ఇంట్లో లైటు వెలిగింది. ఎవరూ బయటికి రాలేదు, ఏమీ అనలేదు. ఆ వెలిగిన లైటే నాకు చాలా చెప్పింది.

ఇక ఆ రోజు మేం చూసిందేమిటంటే, కియోమిజు గుడి కింద రోడ్డు మీద ఒకరం పెట్టెల దగ్గర కాపలా ఉండటం, ఒకరం పైకి వెళ్ళి రావడం. ముందు నేను వెళ్ళాను. తర్వాత ఆయన వెళ్ళారు. కొండ అంచున 13 మీటర్ల ఎత్తున స్తంభాల మీద నిలబెట్టిన ఆ చెక్క వేదిక మీద నుంచి ఊరంతా కనిపిస్తుంది. 1633లో కట్టింది. "ఆ మూల గులాబీ రంగు చెట్టు చూశారా?" అని కిందికొచ్చాక అడిగితే ఆయన చూడలేదన్నారు. ఆయన చూసిందేదో నేను చూడలేదు. అంత దూరం కలిసి వెళ్ళి, ఒకే గుడిని విడివిడిగా చూసొచ్చాం. పాతికేళ్ళ పెళ్ళిరోజుకని వెళ్ళిన ప్రయాణం అది.

రెండోసారి అమ్మతో వెళ్ళాను. మా తమ్ముడు టోక్యోలో, నిషి కసాయ్‌లో ఉంటాడు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట. అమ్మకి అరవై తొమ్మిది. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ చూడాలనే ఆశ మాత్రం తగ్గలేదు. వాడింట్లో పది రోజులుండి, క్యోటోకి మూడు రోజులు అనుకున్నాం. నవంబరు నెలాఖరు, ఎర్ర ఆకుల కాలం. మేం బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం తమ్ముడు రెండు పెట్టెలూ తీసుకుని ఇంటి కిందున్న చిన్న షాపుకి బయల్దేరాడు. కన్వీనియెన్స్ స్టోర్ అంటారు, పాలు, అన్నం పొట్లాలు, పెన్నులు అన్నీ దొరికే షాపు.

"ఎక్కడికిరా?" అంది అమ్మ.

"క్యోటో హోటల్‌కి పంపించేస్తున్నా. మీరు వెళ్ళేసరికి అక్కడుంటాయి."

"ఎవరితో?"

"లారీలో వెళ్తాయమ్మా."

"ఎవరో ఏంటో తెలియకుండా ఎలా ఇస్తావురా? పట్టుచీర ఉంది అందులో. గోంగూర పచ్చడి ఉంది."

అమ్మ కూడా చెప్పులేసుకుని షాపుకి వచ్చింది, తన పెట్టె ఎవరి చేతుల్లో పడుతోందో చూడటానికి. కౌంటర్లో ఉన్న అమ్మాయి టేపు తీసి పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కొలిచి కూడింది. అక్కడ ధర నిర్ణయించేది ముఖ్యంగా ఆ మొత్తం, ఆ తర్వాత దూరం. మూడు కొలతలూ కలిపి 200 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు దాటకూడదు. తమ్ముడు ఒక కాగితం నింపాడు. హోటల్ పేరు, అడ్రసు, ఏ పేరు మీద గది తీసుకున్నామో, ఏ రోజు దిగుతామో, ఏ వేళకి చేరాలో. వేళ కూడా ఎంచుకోవచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల అని టిక్కు పెట్టాడు. ఆ అమ్మాయి కాగితాన్ని పెట్టె పిడికి కట్టి, రసీదు చింపి రెండు చేతులతో అందించింది. ఒక్కో పెట్టెకీ మూడు వేల యెన్ల లోపే అయింది. అమ్మ రసీదు అడిగి తీసుకుని, మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది.

దారిలో నేనన్నాను, "అలిపిరిలో ఇచ్చావుగా అమ్మా, అప్పుడు భయం వెయ్యలేదా?"

మెట్ల దారిన నడిచి కొండెక్కే భక్తుల సామాను దేవస్థానం వాళ్ళు కిందే తీసుకుని, పైసా పుచ్చుకోకుండా తిరుమలకి చేరుస్తారు. మోకాళ్ళు బాగున్న రోజుల్లో అమ్మ ఆ 3550 మెట్లూ రెండుసార్లు ఎక్కింది. రెండుసార్లూ సంచి కిందే ఇచ్చేసింది.

"అది స్వామి కొండ. ఎవరు తీస్తారే?" అంది.

ఆ మాట గురించి నేను చాలా ఆలోచించాను. మనకి సామాను అప్పగించడం కొత్తేమీ కాదు. రైల్వే స్టేషన్లలో క్లోక్ రూములు ఎప్పటి నుంచో ఉన్నాయి. పెళ్ళికి వెళ్తే పెట్టెలన్నీ ఎవరో పిన్నిగారి గదిలో పడేసి నిశ్చింతగా తిరుగుతాం. మనకి కావాల్సింది నమ్మకానికి ఒక ఆధారం. కొండ మీద దేవుడు, పెళ్ళిలో పిన్ని. జపాన్‌లో ఆ ఆధారం ఒక కాగితం ముక్క, దాని మీదున్న నంబరు, ఆ నంబరు వెనక దాదాపు యాభై ఏళ్ళ అలవాటు.

ఆ అలవాటు ఎలా మొదలైందో తెలిస్తే మనకీ ధైర్యం వస్తుంది. యమాతో అనే రవాణా కంపెనీ 1919 నాటిది. తల్లి నల్లపిల్లి తన పిల్లని నోట కరుచుకుని వెళ్తున్న బొమ్మ వాళ్ళ గుర్తు. 1970ల మొదట్లో చమురు ధరలు పెరిగి దెబ్బ తిన్నాక, పెద్ద ఫ్యాక్టరీల సరుకు వదిలేసి మామూలు ఇళ్ళ మూటలు చేరవేద్దామని అప్పటి అధిపతి ఒగురా మసావో పట్టుపట్టాడు. ఒక ఇంట్లో ఒక మూట, ఇంకో ఊళ్ళో ఇంకో మూట, వీటితో ఏం గిట్టుబాటవుతుందని కంపెనీలోవాళ్ళే ఒప్పుకోలేదు. 1976 జనవరిలో 'తక్యూబిన్' పేరుతో మొదలుపెట్టారు. మొదటి రోజు వచ్చిన మూటలు 11. కొత్త రూట్ల పర్మిషన్ల కోసం ప్రభుత్వంతో ఏళ్ళ తరబడి పోట్లాడి, 1986లో రవాణా మంత్రి మీదే కేసు వేశారు. ఈలోపు 1983లో మంచు మీద జారే ఆటకి వెళ్ళేవాళ్ళ స్కీలు, ఆ మరుసటేడు గోల్ఫ్ కర్రలు విడిగా పంపే ఏర్పాటు చేశారు. ఆట ఆడేవాడు చేతులూపుకుంటూ రైలెక్కుతాడు, కర్రలు ముందే అక్కడుంటాయి. ఈ రోజు నా పెట్టె క్యోటోకి వెళ్ళిన దారి అక్కడే పడింది.

క్యోటో వాళ్ళకైతే ఇది ఇంకా పాత సంగతి. ఎడో నుంచి, అంటే ఇప్పటి టోక్యో నుంచి క్యోటోకి టోకైదో అనే కాలిబాట ఉండేది. దారిలో 53 మజిలీలు. క్యోటోలో సాంజో వంతెన దగ్గర ఆ బాట ముగుస్తుంది. ఉత్తరాలు, మూటలు భుజాన వేసుకుని మజిలీ మజిలీకీ చేతులు మారుస్తూ పరిగెత్తేవాళ్ళని హిక్యాకు అనేవారు. 1957లో క్యోటోలోనే మొదలైన సగావా అనే ఇంకో పెద్ద పార్సిల్ కంపెనీ తన సేవని ఇప్పటికీ హిక్యాకు పేరుతోనే పిలుచుకుంటోంది.

మర్నాడు పొద్దున రైల్లో మా చేతుల్లో ఉన్నవి ఇవీ. నా భుజానికి ఒక సంచి, అందులో పాస్‌పోర్టులు, డబ్బులు, ఒక జత బట్టలు. అమ్మ చేతిసంచిలో బీపీ మాత్రలు, కళ్ళజోడు, ఒక శాలువా, పులిహోర డబ్బా. క్యోటోకి రెండుంపావు గంటలు. బుల్లెట్ రైల్లో మూడు కొలతలూ కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెకి ముందుగానే వెనక సీటు రిజర్వు చేసుకోవాలి, లేకపోతే వెయ్యి యెన్ల జరిమానా. 2020 నుంచి ఈ రూలు. మాకు ఆ టెన్షన్ లేదు. దిగేటప్పుడు అమ్మ అలవాటు కొద్దీ పైకి చూసి, "సామాను..." అని ఆగిపోయింది.

స్టేషన్ నుంచి నేరుగా సాన్‌జూసాన్‌గెన్‌దోకి వెళ్ళాం. మెల్లగా నడిస్తే ఇరవై నిమిషాలు, అమ్మ నడకతో అరగంట. బస్సెక్కే అవసరమే రాలేదు. ఆ గుడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పొడవాటి ఒకే ఒక్క చెక్క మండపం, దాదాపు 120 మీటర్లు. స్తంభాల మధ్య ముప్ఫై మూడు ఖాళీలు, ఆ పేరుకి అర్థమదే. 1164లో కట్టారు, 1249లో కాలిపోయింది, 1266లో మళ్ళీ నిలబెట్టారు. లోపల వెయ్యిన్నొక్క కన్నోన్ విగ్రహాలు. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడు, బౌద్ధుల కరుణామూర్తి. మధ్యలో కూర్చున్నది పెద్దది. అటు అయిదు వందలు, ఇటు అయిదు వందలు మనిషంత ఎత్తున నిలబడి, మెట్లు మెట్లుగా వరసలు కట్టి ఉంటాయి. చెప్పులు విప్పి, చల్లటి చెక్క నేల మీద ఆ వరసల ముందు నుంచి నడవాలి. ఫోటోలు తియ్యకూడదు.

ఆయన్ని వెయ్యి చేతుల దేవుడంటారు గానీ ఒక్కో విగ్రహానికి ఉండేవి నలభై రెండు. ఒక్కో చెయ్యి ఇరవై అయిదు లోకాలని కాపాడుతుందని, నలభై చేతులు వెయ్యికి సమానమని లెక్క. మిగతా రెండూ ఆ లెక్కలో లేవు. అమ్మ గోడవైపు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో విగ్రహాన్నీ చూస్తూ నడిచింది. సగం దూరం వెళ్ళాక ఆగి, "అన్ని చేతులున్నా రెండు మాత్రం దణ్ణానికి ఖాళీగా పెట్టుకున్నాడే" అంది. నేను అప్పుడు చూశాను. నిజమే. పక్కలకి విచ్చుకున్న చేతుల్లో ఏవేవో పట్టుకున్నవి, గుండె ముందు మాత్రం రెండు చేతులు జోడించి ఉన్నాయి. వెయ్యి మందివీ అలాగే.

ఆ వరసల ముందు ఇరవై ఎనిమిది మంది పరివార దేవతలు నిలబడి ఉంటారు. బ్రహ్మ, ఇంద్రుడు, పిల్లనగ్రోవి ఊదుతున్న గరుత్మంతుడు. ముందే చదువుకుని వెళ్ళాను కాబట్టి ఒక్కొక్కరినీ చూపించగలిగాను. అమ్మ ఆనందం చూడాలి. మన ఊరి నుంచి ఎవరో ముందే వచ్చి ఉన్నట్టు పలకరించింది. అందరికంటే ఎక్కువసేపు నిలబడింది మాత్రం వసువు అనే ఋషి దగ్గర. ఎముకలు తేలిన ముసలాయన. చేతిలో కర్ర, డొక్కలో పక్కటెముకలు ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు, మెడ నరాలు పొంగి, నోరు కొంచెం తెరుచుకుని ఏదో చెప్పబోతున్నట్టుంటాడు. ఏడు వందల ఏళ్ళు దాటిన చెక్క అది. "మా నాన్న ఆఖర్లో ఇలాగే ఉండేవాడు" అంది అమ్మ. మా తాతయ్యని నేను అలా చూడలేదు, అప్పటికి నాకు మూడేళ్ళు. అక్కడే నిలబడి తాతయ్య ఆఖరి రోజుల గురించి, పొలం అమ్మిన సంగతి, పొద్దున్నే కర్ర చప్పుడు చేసుకుంటూ బావి దగ్గరికి వెళ్ళే సంగతి చెప్పింది. ఎవరూ మమ్మల్ని జరగమనలేదు. మేమూ ఎవరికీ అడ్డం లేము.

పక్కన రెండు పెట్టెలుంటే ఇది జరిగేదా? అసలు ఆ మండపంలోకి వెళ్ళేవాళ్ళమే కాదు. వెళ్ళినా ఒకరం బయట ఉండేవాళ్ళం. లోపలున్నవాళ్ళ మనసు బయటి పెట్టె మీద ఉండేది. చూడటానికి వెళ్ళిన మనిషి దగ్గర రెండు కళ్ళుంటే చాలదు, చేతులు ఖాళీగా ఉండాలి, బుర్ర ఖాళీగా ఉండాలి.

మర్నాడు కియోమిజుకి వెళ్ళాం. కిందికి వచ్చే దారిలో సన్నెన్‌జాక అనే రాతి మెట్లున్నాయి. అక్కడ జారిపడితే మూడేళ్ళలో పోతారని పాత నమ్మకం. అమ్మకి ఆ సంగతి దిగిపోయాకే చెప్పాను. అప్పటిదాకా ఒక చెయ్యి నా చేతిలో, ఇంకో చెయ్యి కమ్మీ మీద వేసి ఒక్కో మెట్టూ దిగింది. అరిగిన మోకాళ్ళున్న మనిషికి కావాల్సింది ఆ రెండో చెయ్యే. అంతకు ముందు గుడి కింద ఒతొవా ధార దగ్గర, మూడు పాయలుగా పడే నీళ్ళకి పొడవాటి పిడి ఉన్న గరిటె చాచి పట్టుకుని ఒక గుక్క తాగింది. ఎదురుగా ఒకమ్మాయి వీపు సంచి, చేతి సంచి, ట్రాలీ మూడూ మోస్తూ ఆ వరసలోనే నిలబడి, గరిటె ఏ చేత్తో పట్టుకోవాలో తెలియక వెనక్కి తగ్గింది. 2017లో నేను కూడా ఆ నీళ్ళు తాగలేదు.

దీనికి నాకు ఎదురైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది ఖర్చు. రెండు పెట్టెలకి అయిదారు వేల యెన్లంటే మన డబ్బుల్లో మూడు వేల పైమాటే. తక్కువేం కాదు. కానీ ఇద్దరు మనుషుల సామాను ఒకే పెట్టెలో సర్దుకుంటే ఖర్చు సగానికి వస్తుంది, అలా సర్దడం కుదిరే పనే. అంత కూడా వద్దనుకుంటే, చాలా హోటళ్ళు చెక్ ఇన్‌కి ముందూ, చెక్ అవుట్ తర్వాతా పెట్టెలు ఊరికే ఉంచుకుంటాయి. రైలు దిగగానే ముందు అక్కడ పడేసి ఊరు చూడటానికి వెళ్ళొచ్చు. క్యోటో స్టేషన్లో ఉదయం ఇచ్చేస్తే సాయంత్రానికి హోటల్‌కి చేర్చే కౌంటరు కూడా ఉంది. అసలు పంపడమే వీలు కాని రోజు, బస్సు మానేసి టాక్సీ ఎక్కడం మంచిది.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మా తమ్ముడే అన్నాడు. "నువ్వు మొయ్యాల్సింది ఇంకో మనిషి మోస్తున్నాడు కదక్కా. బస్సులో ముసలావిడని చూసి బాధపడ్డావు, లారీ డ్రైవరు నడుం సంగతి ఏంటి?" నిజమే. జపాన్‌లో లారీ డ్రైవర్లు దొరకడం లేదు, ఉన్నవాళ్ళు వయసు మళ్ళినవాళ్ళు. విపరీతమైన పనిగంటల వల్ల 2024 ఏప్రిల్ నుంచి వాళ్ళ ఓవర్‌టైమ్‌కి ఏడాదికి 960 గంటల హద్దు పెట్టారు. ఇంట్లో మనిషి లేక ఒకే మూటకి రెండు మూడు సార్లు తిరగాల్సి రావడం వాళ్ళకి పెద్ద బాధ.

నేను చివరికి తేల్చుకున్నది ఇది. ఆ డ్రైవరు పని చేస్తున్నాడు, దానికి జీతం ఉంది, పెట్టె దించడానికి బండి ఉంది, ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. బస్సులో పెద్దావిడకి ఇవేవీ లేవు. మన బరువు తన మీద వెయ్యొచ్చా అని ఆవిడని ఎవరూ అడగలేదు, ఆవిడ ఒప్పుకోలేదు. అడగకుండా ఒకరి మీద వేసిన బరువుకీ, అడిగి, డబ్బిచ్చి, దారి చూపించి అప్పగించిన బరువుకీ చాలా తేడా ఉంది. కాకపోతే డ్రైవరు పట్ల మనం చెయ్యాల్సిందీ ఉంది. బరువు తగ్గించాలి. అడ్రసు తప్పు లేకుండా రాయాలి. ఇంటికైతే మనిషి ఉండే వేళే ఎంచుకోవాలి. క్యోటోకి పంపే ముందే నేను నా పెట్టెలోంచి రెండు జతల బూట్లు తీసి తమ్ముడింట్లోనే వదిలేశాను.

మూడోది, పెట్టె సమయానికి రాకపోతే? తుఫాను వచ్చినా, మంచు పడినా ఆలస్యం అవ్వచ్చు. అందుకే ఒక రాత్రికి, ఒక పగటికి సరిపడా బట్టలు, మందులు అన్నీ దగ్గర ఉండాలి. డబ్బు పెట్టెలో పెట్టి పంపకూడదు. విదేశీయులు పాస్‌పోర్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అక్కడ చట్టమే ఉంది. బీపీ, షుగరు మాత్రలు ఒక్క పూటకి కూడా పెట్టెలో వెయ్యొద్దు. మన పెద్దవాళ్ళతో వెళ్తే ఈ ఒక్క సంగతి రెండుసార్లు చూసుకోండి.

మొదటి రోజు సాయంత్రం అయిదింటికి హోటల్‌కి వెళ్ళేసరికి రెండు పెట్టెలూ గదిలో మంచం పక్కన నిలబెట్టి ఉన్నాయి. పిడికి కట్టిన కాగితం అలాగే ఉంది. అమ్మ కళ్ళజోడు పెట్టెలోంచి రసీదు తీసి, నంబరు అంకె అంకె సరిచూసింది. పెట్టె తెరిచి, పట్టుచీర మడత చూసింది. గోంగూర సీసా మూత చుట్టూ వేలు పెట్టి చూసింది, నూనె చెమ్మ కూడా లేదు. అప్పుడు మంచం మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, "ఇచ్చినవాళ్ళకి ఒక కాఫీ అయినా ఇవ్వలేకపోయాం" అంది.

ఆఖరి రోజుకి పెట్టెలు రెండు రోజుల ముందే కన్సాయ్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయాయి. పొద్దున తొమ్మిదిన్నరకి గది ఖాళీ చేశాం. ఎయిర్‌పోర్టు రైలుకి ఇంకా మూడు గంటలుంది. స్టేషన్లో కూర్చుందామా అని అడిగాను. అమ్మ శాలువా సర్దుకుని, చేతిసంచి మోచేతికి తగిలించుకుంది.

"ఎండగానే ఉంది కదా. మెల్లగా నడిచి వెళ్దాం పద. ఆ కర్ర పట్టుకున్న ముసలాయన్ని ఇంకొక్కసారి చూసొద్దాం."